మూడు గొర్రెలు, నాలుగున్నరేళ్లు

మా మేనమామ దొంగ. ఈ మాట నేను పుట్టించింది కాదు. ఆయన సొంత మనుషులమైన మేమే వకీలును పెట్టుకొని, మంచి కాగితం మీద టైపు చేయించి కోర్టుకు ఇచ్చుకున్నాం. అయ్యా, ఇతను దొంగతనం చేసిన మాట నిజమే, ఒకటి కాదు మూడు చేశాడు, కాకపోతే వేసిన శిక్ష మరీ ఎక్కువైంది, దయచేసి తగ్గించండి అని. ఆయన జన్మలో ఒక్క గొర్రెను కూడా దొంగిలించలేదని మా ఊళ్లో అందరికీ తెలుసు. అయినా అలా ఇచ్చుకోకపోతే ఆయన నాలుగున్నరేళ్ల దాకా ఇంటికి రాడు. అందుకని ఇచ్చాం. ఆ కాగితాన్ని ఆయనకు దగ్గరుండి చదివి వినిపించింది నేనే. చిట్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను పౌరశాస్త్రం చెప్తాను.

తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్లకు జరిగిన సంగతి ఇది. మామకు అప్పటికి అరవై దగ్గర పడుతున్నాయి. చిట్యాల నుంచి లోపలికి పోతే వచ్చే మా ఊళ్లో ఆయనకు నూరు దాకా గొర్రెలుండేవి. ఎండాకాలం మా దిక్కు గడ్డిపోచ మిగలదు కాబట్టి ఏటా మామా అత్తా మందను తోలుకొని కృష్ణా నది వైపు పోయేవాళ్లు. మేళ్లచెరువు దిక్కున సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడి గడ్డి తెల్లగా ఉంటుందని, అది మేసిన గొర్రె దగ్గుతుందని, ఆ నేల దాటే దాకా మందను ఆపకుండా నడిపించేవాళ్లు. వానలు పడ్డాక తిరిగొచ్చేవాళ్లు. నెలల తరబడి అలా నడిచే మందలో దారి పొడవునా పరాయి గొర్రె ఒకటో రెండో కలవడం మామూలే. గొర్రెకు నా మంద నీ మంద అని ఏముంటుంది? ముందు పోయేదాని వెనకాల పోతుంది. ఈ విషయంలో దాన్ని వెక్కిరించేంత గొప్పవాళ్లమేం కాదు మనం, ఐదేళ్లకోసారి మనం చేసేదీ అదే.

అలా కలిసిన గొర్రెకు మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. దాన్ని తరమకూడదు. తరిమితే కుక్కల పాలో లారీల పాలో అవుతుంది. దాని చెవికి సొంతదారు పెట్టుకున్న గాటును ముట్టుకోకూడదు. అమ్మకూడదు, కోయకూడదు. మన మందతో పాటే మేపాలి, రోగమొస్తే మందు పట్టాలి. సొంతదారు ఎప్పుడో ఒకప్పుడు వెతుక్కుంటూ వస్తాడు. చెవి గాటు గుర్తు చెప్తాడు, కూర్చుని చాయ్ తాగుతాడు, తన గొర్రెను తోలుకుపోతాడు. ఈలోపు అది ఈనితే ఆ పిల్ల మేపినవాడిది. ఇంతే పద్ధతి. దీనికి కాగితం లేదు, సంతకం లేదు, సెక్షను లేదు. అందుకే కాబోలు ఇన్నాళ్లూ ఎవరికీ ఏ గొడవా రాలేదు.

ఆ ఏడు తిరుగుదారిలో మామ మందలో మూడు పరాయి గొర్రెలున్నాయి. మూడూ మూడు ఊళ్లవి. అందులో ఒకటి దారిలో ఈనింది. సరిగ్గా అదే ఏడు ఆ దిక్కున గొర్రెల దొంగలు ఎక్కువయ్యారు. వాళ్లు నిజం దొంగలు. కార్లలో వచ్చి, వెనక సీట్లో ఐదారింటిని కుక్కుకొని, హైవే ఎక్కి మాయమయ్యేవాళ్లు. పేపర్లో వచ్చింది, పైనుంచి పోలీసులకు అక్షింతలు పడ్డాయి. కారును పట్టుకోవాలంటే కారు కంటే జోరుగా పోవాలి. మామ నడిచి పోతున్నాడు, అది కూడా గొర్రెలు మేస్తూ ఆగుతూ పోతుంటే వాటి వెనకాల. ఆయన్ని పట్టుకున్నారు.

అంత మందలో మూడింటి చెవి గాట్లు వేరుగా ఉన్నాయని కనిపెట్టింది పోలీసులు కాదు. మామే చూపించాడు. అడిగితే చెప్పడమే పద్ధతి కదా. "ఇగో, గీ మూడు నావి గావు సారూ, తొవ్వల కలిసినయి. గీ పిల్ల మాత్రం నాదే" అని ఒక్కొక్కదాన్నీ చెవి పట్టుకొని చూపించాడట. ఎస్సై మొహం వెలిగిపోయిందని అత్త చెప్పింది. అప్పటికే మూడు ఊళ్ల నుంచి గొర్రెలు పోయాయని మూడు ఫిర్యాదులున్నాయి. పాతకాలం సొంతదారులైతే మంద జాడ పట్టుకొని నడిచి వచ్చేవాళ్లు. వాళ్ల కొడుకులు ఫోన్లో గొర్రె ఫోటో పెట్టి, స్టేషన్లో ఒక కాగితమిచ్చి, ఇంటికెళ్లి పడుకున్నారు.

అత్త నాకు ఫోన్ చేసింది. మా ఇంటి దిక్కున చదువుకున్నవాణ్ని నేనొక్కణ్నే. పెళ్లి పత్రిక రాయాలన్నా, బ్యాంకులో కాగితం నింపాలన్నా, మనిషి జైలుకు పోయినా నాకే ఫోన్ వస్తుంది. నేను కాలేజీకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకొని కోర్టుకు పోయాను. ఆ కోర్టు ఏ ఊళ్లోదో రాయను. వకీలును మాట్లాడదామా అని అత్త అడిగింది. "ఎందుకత్తా? తప్పు చేసినోళ్లకు గద వకీలు" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ మాటన్న నోటిని కుట్టేయాలనిపిస్తుంది. వరండాలో బెంచీ మీద ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య కూర్చున్న మామ దగ్గరికి పోయి ఇంకో సలహా కూడా ఇచ్చాను.

"మామా, అడిగిందానికి నిజం చెప్పు. ఉన్నదున్నట్టు ఒప్పుకో. కోర్టు అర్థం చేసుకుంటది."

"నిజం చెప్పుటానికి నువ్వు చెప్పాల్నా అల్లుడా?" అని మామ నవ్వాడు.

లోపల మేజిస్ట్రేటుగారు కాగితం చదివి వినిపించారు. మూడు ఊళ్లలో ముగ్గురికి చెందిన మూడు గొర్రెలను దొంగిలించినట్టు నీ మీద అభియోగం, ఒప్పుకుంటున్నావా అని అడిగారు. మామ నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"నా దగ్గరున్న మాట నిజమే సారూ. మూడు గాదు, పిల్లతోటి నాలుగు."

"పిల్ల సంగతి అడగలేదు."

"అడగకున్నా చెప్పాలె గద సారూ. అది నా మందల పుట్టింది. గది నాది."

గుమాస్తా నవ్వు ఆపుకుంటూ రాసుకున్నాడు. నేరం అంగీకరించాడు. ఆ నిమిషంలో నాకు గర్వంగా అనిపించింది, అబద్ధం చెప్పను. కోర్టు హాల్లో అందరూ మా మామ నిజాయితీ చూస్తున్నారనుకున్నాను. వాళ్లు చూస్తున్నది భోజనం వేళ అయిందా లేదా అని గోడ గడియారం వైపు.

శిక్ష చెప్పేముందు మేజిస్ట్రేటుగారు చిన్న ఉపన్యాసం ఇచ్చారు. ఈ ప్రాంతంలో గొర్రెల దొంగతనాలు పెరిగిపోయాయి, బీదవాళ్ల పొట్ట కొడుతున్నారు, గట్టి శిక్ష పడితే తప్ప భయం రాదు అన్నారు. ప్రతి మాటా నిజమే. కార్లలో పోయేవాళ్లకు భయం పెట్టడానికి నడిచిపోయేవాడికి శిక్ష వేశారు. ఒక్కో గొర్రెకు ఏడాదిన్నర. ఒకదాని తర్వాత ఒకటి అనుభవించాలి.

బయటికొచ్చాక మామకు అర్థం కాలేదు. గుమాస్తా ఓపికగా విడమరిచి చెప్పాడు. "మొదటి గొర్రెకు ఏడాదిన్నర ఉంటవ్. అదయినంక రెండో గొర్రెకు ఏడాదిన్నర. అదీ అయినంక మూడోదానికి."

మామ మూడు వేళ్లు చూపించాడు. "మూడు ఒక్క మందలనే, ఒక్కపారే మేసినయి గద సారూ. ఒకటి మేసినంక ఒకటి మేసినయా? మరి నన్నెందుకు గట్ల ఇడగొట్టి మేపుతున్నరు?"

గుమాస్తా ఫైలు చంకన పెట్టుకొని లోపలికి పోయాడు. కానిస్టేబుల్ మామ రెక్క పట్టి లేపాడు. మూడు గొర్రెలనూ సొంతదారుల కొడుకులకు అప్పజెప్పమన్నారు. తల్లిని వదిలి పిల్ల ఉండదు కాబట్టి పిల్లను కూడా తోలుకుపోయారు. వ్యాను ఎక్కేటప్పుడు మామ నాలుగున్నరేళ్ల ఊసెత్తలేదు. పిల్లను ఎవరికిచ్చారో కనుక్కొమ్మని నాకు రెండుసార్లు చెప్పాడు.

ఆ తర్వాత నల్గొండలో వకీలును పట్టుకున్నాను. అంటే, మొదట పట్టుకోవలసిన మనిషిని ఆఖరికి పట్టుకున్నాను. ఆయన తీర్పు కాగితాలు తిరగేసి, కళ్లజోడు పైకి జరుపుకొని అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"ఒప్పుకొమ్మని ఎవడు చెప్పిండు?"

"ఎవరో తెలిసినాయన చెప్పిండంట సార్" అన్నాను.

"వాణ్ని పట్టుకొని లోపలెయ్యాలె ముందుగాల" అన్నాడాయన. నేను కూడా అవునన్నట్టు తల ఊపాను.

వకీలు చెప్పిన దాని సారం ఇది. తప్పు ఒప్పుకున్నాక ఇక తప్పు చేయలేదని అనడానికి దారి మూసుకుపోయింది. తెరిచి ఉన్న దారి ఒక్కటే. శిక్ష ఎక్కువైంది అనొచ్చు. మూడు శిక్షలూ ఏకకాలంలో నడవాలని పై కోర్టును అడగొచ్చు. వాళ్లు సరేనంటే మూడూ కలిసి ఏడాదిన్నరలో అయిపోతాయి. నెల లోపల వేయాలి. "దొంగ కాదు అని ఒక్క ముక్క కూడా రాయొద్దు సారు. మంచి దొంగ అని రాద్దాం. ముసలోడు, పాత కేసుల్లేవు, మూడు గొర్లు ఒక్కనాడే దొరికినయి, సొమ్ము వాపస్ పోయింది. జర దయ చూడుండ్రి అందాం. ఫికర్ చెయ్యకు."

అప్పీలు ఇంగ్లిషులో తయారైంది. దాని మీద, వకాలత్ మీద మామ చేత వేలిముద్రో సంతకమో చేయించాలి. ములాఖత్ రోజున నేనూ అత్తా జైలుకు పోయాం. ఇనుప జాలీకి అటు మామ, ఇటు మేము. నేనేం చేయాలి? కాగితం లోపలికి పంపి సంతకం పెట్టమనాలి. నేనలా చేస్తానా? మనిషికి తన గురించి ఏం రాశారో తెలుసుకునే హక్కుంది అని ఆ వారమే క్లాసులో చెప్పి ఉన్నాను. నిలబడి మొదటి నుంచి ప్రతి వాక్యాన్నీ తెలుగు చేసి వినిపించాను. అప్పీలుదారుడు మూడు దొంగతనాలు చేసిన మాట వాస్తవమే అయినప్పటికీ, అనే చోట మామ చేయి అడ్డం పెట్టాడు.

"ఆగు. ఎవరు చేసిండ్రు?"

"నువ్వే మామా. అంటే, అట్ల రాయాలె."

"నేను ఉన్నయని చెప్పిన. ఎత్కపోయిన అని ఎప్పుడు చెప్పిన?"

"రెండూ ఒకటే అన్నట్టు రాసుకున్నరు వాళ్లు."

"మరి నువ్వాడనే ఉంటివి గదా, ఒకటి గాదని చెప్పకపోతివి?"

నేను కాగితం మడతపెట్టాను. మామ మెల్లగా, కోపం లేకుండా చెప్పాడు. "దొంగనని రాసిస్తే ఇడుస్తమంటున్నరు. నాలుగున్నరేండ్లు ఉంటే ఉంట. మా నాయిన కాలం నుంచి ఎవ్వడు నన్ను గా మాట అనలే. నా చేత్తోటి నేను ఇయ్య."

బయటికి వచ్చాక అత్త నన్ను ఉతికి ఆరేసింది. ఆవిడ మామూలుగా నాతో గట్టిగా మాట్లాడదు, సారునని మర్యాద. ఆ రోజు ఆ మర్యాద జైలు గేటు దగ్గరే ఆగిపోయింది. "నిన్ను సదివి ఇనిపియ్యమని ఎవరడిగిండ్రు? ముద్రేపియ్యక కతలు చెప్తవా? ఒప్పుకొమ్మని నువ్వే అంటివి, ఇప్పుడు ఒప్పుకోకుండ నువ్వే జేస్తివి. దొంగనే అని రాయి. గజదొంగ అని రాయి. నా గొర్లను నేనొక్కదాన్ని ఎన్నొద్దులు కాస్తనుకున్నవ్?" అంది. చుట్టూ జనం చూస్తున్నారు. ఆవిడన్నదాంట్లో తప్పు ఒక్కటి కూడా లేదు, అందుకే మరీ మండింది నాకు.

మూడు వారాలు అలాగే గడిచాయి. ఊళ్లో ఒక్కొక్కరూ ఒక్కో సలహా చెప్పారు. దొంగ అని రాసిస్తే గొర్రెల కాపరుల సంఘంలో పేరు తీసేస్తారన్నాడు ఒకడు. నాలుగున్నరేళ్లంటే ఎంత, కళ్లు మూసి తెరిస్తే అయిపోతుందన్నాడు ఇంకొకడు. అతను జైలు మొహం చూసింది లేదు. వకీలు రోజూ ఫోన్ చేసి గడువు గుర్తు చేసేవాడు. అత్త మందను ఊరి చుట్టే తిప్పుతోంది. మేత చాలక గొర్రెలు ఎముకలు తేలాయి. జ్వరమొచ్చి పది దాకా చచ్చాయి.

ఆఖరి ములాఖత్‌కు అత్త నన్ను మాట్లాడొద్దంది. జాలీ దగ్గర నిలబడి తనే చెప్పింది. "నువ్వు దొంగవు గాదని నాకెరుక, ఊరికెరుక. గీ కాగితం సూసేటోనికి నువ్వెవరో ఎరికే లేదు. ఎరికలేనోడు నిన్నేమనుకుంటే నీకేంది? ఈ కార్తెల నూకలు తినుకుంట నేను కాస్తున్న. వచ్చే ఎండాకాలం దాటదు మంద. నువ్వొచ్చేసరికి గొంగడి మిగుల్తది, గొర్రె మిగల్దు."

మామ జాలీ పట్టుకున్న చేయి వదిలాడు. తర్వాత కాగితాన్ని లోపలికి పంపమన్నాడు. మామకు సంతకం వచ్చు. అక్షరాస్యత బడిలో నలభై ఏళ్ల వయసులో నేర్చుకున్నాడు, ఎక్కడైనా వేలిముద్ర ఇవ్వమంటే కోపం వచ్చేది. నేను పెన్ను కూడా పంపాను. జైలు వార్డరు పెన్ను వెనక్కి తెచ్చిచ్చాడు. కాగితం మీద వేలిముద్ర ఉంది.

"సంతకం వచ్చు గద మామా?"

"నా పేరెందుకు దాని మీద? అది వేరేటోని కాగితం" అన్నాడు.

అప్పీలు దాఖలైంది. బెయిలు అడిగితే, ఊరూరా తిరిగే మనిషి, వదిలితే దొరకడని కొట్టేశారు. తర్వాత వాయిదాలు మొదలయ్యాయి. కింది కోర్టు నుంచి ఫైలు రాలేదని ఒకసారి, ఫైలొచ్చింది కానీ జడ్జిగారు సెలవని ఒకసారి, జడ్జిగారొచ్చారు కానీ వకీళ్లు విధులు బహిష్కరించారని ఒకసారి. శిక్ష ఎక్కువైందని వేసిన అప్పీలు విచారణకు రావడానికి ఏడాది దాటింది. ఈ లోపు ఆ ఎక్కువైన శిక్షను మామ కూర్చుని నడిపిస్తూనే ఉన్నాడు. పై కోర్టు ఇంకో నాలుగు నెలలు ఆలస్యం చేసి ఉంటే మొదటి గొర్రె శిక్ష పూర్తయి మామ రెండో గొర్రెలోకి ప్రవేశించేవాడు.

విచారణ ముందు వకీలు నన్ను పిలిచి మరీ చెప్పాడు. జడ్జిగారు మనిషిని తెప్పించమన్నారు, ఏదైనా అడగొచ్చు, ముసలాయన నోరు తెరవకుండా చూడు. "ఏమడిగినా తెల్వది అనాలె. తప్పయింది అనాలె. ఈ రెండు ముక్కలు తప్ప మూడోది రావొద్దు." నేను ములాఖత్‌కు పోయి మామ చేత సాధన చేయించాను. జడ్జి వేషం నాదే.

"గొర్లు నీ మందలోకి ఎట్లొచ్చినయి?"

"మొదటిది నకిరేకల్ దాటినంక, బుధవారం నాడు..."

"మామా, తెల్వది అనాలె."

"నాకు తెల్వకపోవుడేంది? ఏ గొర్రె ఏ పొద్దు కలిసిందో, ఏది ఏ పొద్దు ఈనిందో మొత్తం ఎరుకే. గొర్లు కాసేటోడు తెల్వదంటే ఎవడన్న నమ్ముతడా?"

పదిసార్లు చెప్పించాను. పదిసార్లూ నాలుక మడత పడింది. ఇన్నేళ్లలో నేను చెప్పిన పాఠాల్లో అంత కష్టపడినది ఇంకొకటి లేదు, ఫెయిలైనదీ ఇంకొకటి లేదు.

విచారణ రోజు మా వకీలు ఇంగ్లిషులో బాగా మాట్లాడాడు. మాకు వినపడాలని కాస్త గట్టిగానే మాట్లాడాడు. జడ్జిగారు నడివయసావిడ, మెత్తగా ఉన్నారు. అంతా విని మామ వైపు తిరిగి, "నువ్వేమైనా చెప్పుకుంటావా?" అని అడిగారు. వకీలు నా వైపు చూశాడు. నేను మామ వైపు చూస్తూ పెదాలతో తెల్వది, తెల్వది అంటున్నాను.

"పిల్ల నాదమ్మా" అన్నాడు మామ.

వకీలు తల పట్టుకున్నాడు. జడ్జిగారు ఏ పిల్ల అన్నారు. మామ చెప్పాడు. పద్ధతి చెప్పాడు, చెవి గాట్లు చెప్పాడు, బుధవారం చెప్పాడు. ఆఖరికి గుమాస్తాను అడిగిన మాటే ఇక్కడా అడిగాడు. "మూడు ఒక్క మందలనే మేసినయమ్మా, ఒక్కనాడే దొరికినయి. నన్ను మాత్రం మూడు పార్లు మేపుతున్నరు. గిదెట్ల?"

ఆవిడ నవ్వలేదు. కాగితాలు మళ్లీ చూశారు. మూడూ ఒకే రోజు, ఒకే చోట దొరికాయా అని సర్కారు వకీలును అడిగారు. అవునన్నాడాయన. ఇది కలిసిన గొర్రెల సంగతని కింది కోర్టులో ఎవరూ చెప్పలేదా అని మా వకీలును అడిగారు. ఆయన నా వైపు చూడకుండా, "ముద్దాయికి అప్పుడు వకీలు లేడమ్మా" అన్నాడు. ఇప్పుడు దోషి కాదనడం నా చేతుల్లో లేదు అని ఆవిడ మామకు తెలుగులోనే చెప్పారు. నా చేతుల్లో ఉన్నది ఇది అని, మూడు శిక్షలూ ఏకకాలంలో నడవాలని రాశారు. మామ పిల్ల సంగతి మళ్లీ అడిగాడు. అది ఈ అప్పీలు కిందికి రాదన్నారు.

మేము గెలిచాం. వకీలు నాకు చేయి కలిపాడు. గెలిచిన మనిషి ఇంకో నాలుగు నెలలు జైల్లో ఉండి వచ్చాడు.

వచ్చేసరికి మందలో సగం కూడా లేవు. ఉన్నవాటిని అత్త ఎలా బతికించిందో ఆవిడకే తెలుసు. మామ మాట తగ్గింది తప్ప మనిషి బాగానే ఉన్నాడనుకున్నాం. అందరూ వచ్చి చూసిపోయారు. నాలుగున్నరకు ఏడాదిన్నరే పడిందంటే అదృష్టమే అన్నారు. సంతలో బేరం కుదిరినట్టు సంబరపడ్డారు. నాకు కూడా ఊళ్లో మంచి పేరొచ్చింది, సారు కష్టపడి మామను తెచ్చుకున్నాడని. ఒప్పుకొమ్మన్నది ఎవరో అత్త ఎవరికీ చెప్పలేదు. చెప్తే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో ఒక పరాయి గొర్రె వచ్చి మందలో కలిసింది. మామ దాని మెడకు తాడు కట్టి నేరుగా స్టేషనుకు నడిపించుకుపోయాడు. పొద్దున పోయిన మనిషి మధ్యాహ్నం దాకా గేటు దగ్గరే కూర్చున్నాడు. "ఇది నాది గాదు, తీసుకొని నాకు కాగితం ఇయ్యిండ్రి" అంటాడు. "గొర్రెను ఈడ ఎవడు మేపుతడు? తీస్కపోయి నీ మందల కలుపుకో, ఎవడన్న వస్తే ఇయ్యి" అంటాడు కానిస్టేబుల్. అంటే మా పద్ధతే ఆయన కూడా చెప్తున్నాడు. "గదే రాసియ్యి మరి" అన్నాడు మామ. రాసివ్వడానికి అలాంటి ఫారం లేదట. ఈ గోల నడుస్తుండగానే వెతుక్కుంటూ సొంతదారు అటు రావడంతో గొర్రె బతికింది, మేమూ బతికాం. ఈ సంగతి కాలేజీలో స్టాఫు రూములో చెప్పి అందరినీ నవ్వించాను కూడా.

తర్వాతి ఎండాకాలంలో ఒక ఆదివారం నేను మంద దగ్గరికి పోయాను. వలస పోవడం మానేశారు కాబట్టి హైవేకు కాస్త ఇవతల, ఎండిన చెరువులో మేపుతున్నారు. అత్త అన్నం మూట విప్పుతోంది. అప్పుడు చూశాం, మందలో ఒక ఎర్ర గొర్రె. ఎడమ చెవికి రెండు గాట్లు. సూడిది, కడుపు కిందికి జారి ఉంది, నేడో రేపో ఈనేలా ఉంది.

మామ లేచి కర్రతో దాన్ని బయటికి తోలాడు. అది నాలుగడుగులు పోయి మళ్లీ మందలోకి వచ్చింది. మళ్లీ తోలాడు. మళ్లీ వచ్చింది. మూడోసారి రాయి తీశాడు. గొర్రె మీద రాయి ఎత్తిన మామను నేను ఎప్పుడూ చూడలేదు. అది అరుచుకుంటూ పరిగెత్తింది, ఆగింది, వెనక్కి చూసింది. ఇంకో రాయి వేశాడు. "ఉండనియ్యి, ఈనేటట్టున్నది" అంది అత్త. మామ దాన్ని హైవే వైపు కట్ట ఎక్కేదాకా తరిమి వచ్చాడు. వచ్చి చేతులు కడుక్కొని అన్నం ముందు కూర్చున్నాడు. నేను ఆపాల్సింది. నా వంతు అన్నం నేనూ పెట్టించుకున్నాను.

తినడం అయిందో లేదో, మోపెడ్ మీద ఒక ముసలాయన వచ్చాడు. మామ వయసే ఉంటుంది. భుజాన గొంగడి, ముఖమంతా చెమట. పొద్దుటి నుంచి తిరుగుతున్నట్టున్నాడు. బండి దిగి మందను ఒకసారి చూసి, మామకు దండం పెట్టాడు.

"అన్నా, ఎర్ర గొర్రె. ఎడమ చెవుకు రెండు గాట్లు. సూడిది. మీ మందల కలిసిందా?"

మామ ఆయన కళ్లలోకి చూశాడు.

"తెల్వది" అన్నాడు.

నేను పదిసార్లు చెప్పించినా పలకని మాట. ఎక్కడా తడబడలేదు, నాలుక మడత పడలేదు. ముసలాయన వెంటనే కదల్లేదు. గొర్రెలు కాసేవాడు తెల్వదంటే ఎవరూ నమ్మరని మామే చెప్పాడు కదా, ఆయనా గొర్రెలు కాసేవాడే. అత్త గిన్నెలు సర్దుతూ తల దించుకుంది. ముసలాయన నా ఇస్త్రీ చొక్కా చూసి, నా దగ్గరికి రెండడుగులు వేశాడు.

"సారూ, మీరన్న సూసిండ్రా?"

"తెల్వది" అన్నాను నేను.

ఆయన ఇంకోసారి దండం పెట్టి బండి తిప్పుకున్నాడు. గొర్రె పోయింది హైవే వైపు. ఆయన ఊరి వైపు పోయాడు.